దోషము ఎచట నున్నది?



ఒక పని చెడినప్పుడు మన నోట మొట్టమొదట వచ్చు ప్రశ్న “ఎవడు చెరిచెను?” అనునది. “ఏమి చెడినది?” అను ప్రశ్న ఆ తరువాతగాని రాదు, ఒక్కొక్కప్పుడు రానే రాదు. ఈ రెండింటిలో ఏది ముందు రావలెను? దోషము తెలిసిన పిమ్మట, తెలిసినవాని బాధ్యత ఎంతవరకు? ఈ ధర్మసందేహము నాకు గ్రంథములలో గాక, మా మందమర్రిలో ఒక చక్రముల మరమ్మతు దుకాణమున ఎదురైనది. ఆ సంగతినే మీ ముందుంచుచున్నాను.

ఇల్లందులో 1889లో త్రవ్వకము మొదలైన సింగరేణి బొగ్గుగనులు కాలక్రమమున గోదావరి దాటి మా ప్రాంతమునకు వ్యాపించినవి. మందమర్రి గనులకు కల్యాణిఖని అని పేరు. ఇచటి బాటలపై బరువు లారీల రాకపోకలు మెండు. వాటి వెంట గుంటలును మెండు. గుంటలో పడి వంగిన రిమ్ములను సరిచేసి, టైర్లు మార్చి జీవించువారిలో నా పూర్వవిద్యార్థి ఒకడు. రెండేండ్ల క్రిందట అతడు అప్పు చేసి, చక్రముల తూకమును సరిచూచు కొత్త యంత్రమును కొనెను. దానిని వీల్ బ్యాలెన్సింగు మిషను అందురు. చక్రమును షాఫ్టునకు బిగించి త్రిప్పినచో, ఏ చోట బరువు తక్కువయో, ఎన్ని గ్రాములు చేర్చవలెనో అది తెరపై చూపును. ఆ చోట రిమ్ము అంచునకు చిన్న బరువుబిళ్ళను బిగింతురు.

ఇరువది గ్రాముల తేడా ఏమంత గొప్పది అని తోచవచ్చును. కాని గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు కారు చక్రము సెకనునకు సుమారు 13 చుట్లు తిరుగును. ఆ వేగమున రిమ్ము అంచుననున్న 20 గ్రాముల తేడా దాదాపు 3 కిలోల బరువుతో సమానమైన బలముతో చక్రమును ప్రతి చుట్టునందును ఈడ్చును. వేగము సగమైనచో ఆ బలము నాలుగవ వంతే యగును. అందుచేతనే ఊరిలోపల తెలియని దోషము పెద్దబాటపై స్టీరింగు వణుకుగా బయటపడును. టైరును ఒకచోటనే అరగదీయును.

యంత్రము వచ్చిన పదవ దినమున నేను నా పనిమీద ఆ దుకాణమునకు పోయితిని. అచట పెద్ద గొడవ జరుగుచుండెను. తూకము సరియైనదని తెర సున్న చూపిన చక్రమునే విప్పి మరల బిగించి త్రిప్పగా, ఈసారి 25 గ్రాములు తక్కువని చూపినదట. దుకాణదారుడు పనిపిల్లవానిపై మండిపడుచుండెను. వాడు ఇరువది యేండ్లవాడు, పని నేర్చుకొనుచున్నవాడు. “సరిగా తుడువలేదు, సరిగా బిగింపలేదు” అని నలుగురి ఎదుట వానిని తిట్టెను. ఫోనులో అమ్మినవారిని అడుగగా, “మా యంత్రమున లోపముండదు, మీవారికి వాడుట చేతగాదు, లేదా మీ కరెంటు మంచిది కాదు” అనిరట. కరెంటును చూచిరి. ఎర్తింగు చూచిరి. యంత్రమునకు కొలతలు మరల నేర్పు కాలిబ్రేషను చేసిరి. ఫలము లేదు. నింద మరల పిల్లవానిమీదనే వచ్చి పడెను.

అప్పుడు ఆ పిల్లవాడే మెల్లగా, “అన్నా, చక్రాన్ని సగం తిప్పి మళ్ల బిగించి చూద్దమా?” అనెను.

ఈ పరీక్ష మిక్కిలి సులువైనది. బరువు తక్కువని యంత్రము చూపిన చోట టైరుపై సుద్దతో గుర్తు పెట్టవలెను. బిగింపును వదులుచేసి, షాఫ్టును కదలనీయక, చక్రమును మాత్రము సగము చుట్టు త్రిప్పి మరల బిగింపవలెను. లోపము చక్రమునందే యున్నచో యంత్రము మరల ఆ సుద్దగుర్తునే చూపును. అట్లుగాక గుర్తునకు ఎదురుచోటును చూపినచో, లోపము చక్రముతో కదలలేదు, షాఫ్టుతోనే నిలిచిపోయినదన్నమాట. అనగా దోషము పట్టుబడినదానియందు లేదు; పట్టుకొన్నదానియందున్నది.

ఆనాడు లోపము షాఫ్టు వైపే నిలిచినది. చక్రము ఆనుకొను ఇనుప పళ్ళెమును గోటితో తడివి చూడగా, కంటికి ఆనని చిన్న మొటిమ ఒకటి తగిలెను. దానివలన చక్రము ప్రతిసారి రవంత వాలి కూర్చుండుచుండెను. అది యంత్రముతోపాటు వచ్చిన లోపమే. అమ్మినవారు తుదకు ఒప్పుకొని వేరు పళ్ళెమును పంపిరి. కాని కథ అంతటితో ముగియలేదు. పళ్ళెము మార్చిన పిమ్మటను, ఎదుటి బాటపై బరువు లారీ పోయినప్పుడెల్ల తెరపై అంకె మారుచుండెను. వంగి చూడగా, యంత్రమును నేలకు పట్టించిన బోల్టులలో ఒకటి వట్టిగానే తిరుగుచుండెను. సిమెంటు ఆరకమునుపే తొందరపడి యంత్రమును నిలిపినది దుకాణదారుడే. కాబట్టి దోషములు రెండు: ఒకటి అమ్మినవారిది, ఒకటి కొన్నవానిది. నింద మోసినవానిది మాత్రము ఒక్కటియు లేదు.

నింద యేల ఎల్లప్పుడు క్రిందికే జారును? నీరువలె అదియు పల్లమును వెదకుకొనును. పెద్ద సంస్థపై నిందమోపుటకు మాట చాలదు; తనపై మోపుకొనుటకు మనసు రాదు; ఎదురాడలేనివాడు చేతికందుచోట నిలిచియుండును. గనుల ప్రాంతమున పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. యంత్రమాగినచో “ఎవడు నడిపెను?” అనుటయే మనకు అలవాటు. బసవేశ్వరుడు కల్యాణమున అనుభవమంటపమును ఏర్పరచినప్పుడు, అల్లమప్రభువు అధ్యక్షతన మడివాళ మాచయ్య, డోహర కక్కయ్య, అంబిగర చౌడయ్య మున్నగు శరణులు సమానులై కూర్చుండిరి. ఒకరు బట్టలుతుకువారు, ఒకరు తోలుపని చేయువారు, ఒకరు పడవ నడుపువారు. పని చేయు చేతికి ప్రశ్నించు నోరు కూడ ఉండవలెనని కదా దాని భావము. ఆనాడు ఆ పిల్లవాని మాటను “నీకేమి తెలియును” అని త్రోసివేసియున్నచో, లోపము నేటికిని ఆ పళ్ళెముపైననే యుండెడిది.

ఇక రెండవ ప్రశ్న. యంత్రము కుదుటపడిన సాయంకాలము దుకాణదారుడు నా యొద్దకు వచ్చి, “సార్, ఆ పదిదినములలో 14 కార్లకు ఈ యంత్రముపైననే పని చేసితిని. ఎవరును తిరిగి రాలేదు, ఎవరును అడుగలేదు. వారిని నేను పిలువవలెనా?” అని అడిగెను. ఆ నెల అప్పు వాయిదా ఇంకను కట్టవలసియున్నదని కూడ చెప్పెను.

అతని పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. అతడు మోసము చేయలేదు, తానే మోసపోయినాడు. ఆ 14 కార్లలో కొన్నిటికి పని సరిగానే జరిగియుండవచ్చును. పిలిచినచో దుకాణమునకు చెడ్డపేరు రావచ్చును. ఇవన్నియు నిజములే. కాని ఇవన్నియు లోపము తెలియకమునుపటి కాలమునకు చెందిన మాటలు. తెలియనంతవరకు అది యంత్రముయొక్క పొరపాటు. తెలిసిన మరుక్షణమునుండి ఊరకుండుట కూడ ఒక పనియే. ఆ పనిని చేయువాడు యంత్రము కాదు, మనిషి.

నేనతనికి ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల కథను జ్ఞాపకము చేసితిని. నేలపై ఒలికిన బియ్యపు గింజలను ఏరుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. దొంగిలించి తెచ్చినది కాదు, ఏరినదే. అయినను లక్కమ్మ మనకు వలసినదానికి మించినది మనదికాదని చెప్పి, దానిని తిరిగి అచటనే పోసిరమ్మని పంపెను. ఎవరును అడుగకమునుపే ఆ ఇల్లాలు లెక్క చూచుకొనెను. చేసిన పనికి వచ్చినది కాయకఫలము. జరుగని పనికి వచ్చిన సొమ్ము తెలియక వచ్చినను, మారయ్య మూటలోని అధికపు బియ్యమువంటిదే.

అతడు పిలిచెను. పుస్తకమున వ్రాసియుంచిన నెంబర్లకు ఒక్కొక్కటిగా ఫోను చేసెను. తొమ్మిదిమంది వచ్చిరి, ఉచితముగా మరల తూకము చూచెను. నలుగురు నవ్వి ఊరకుండిరి. ఒకడు కోపించి ఇక నీ దుకాణము ముఖము చూడననెను, నేటికిని రాలేదు. సత్యమునకు వెంటనే లాభము వచ్చునని నేను వ్రాయజాలను. ఆ నెల వాయిదాకు అతడు ఇంటిలోని చిన్న నగను కుదువబెట్టెను. కాని వచ్చిన తొమ్మిదిమంది ఎదుటను అతడొక మాట చెప్పెను: “తప్పు ఈ పిల్లవానిది కాదు; తప్పు కనిపెట్టినవాడు వీడు.” నలుగురిలో చేసిన నిందను నాలుగు గోడలనడుమ క్షమాపణతో తీర్చుకొనలేము. ఆ అప్పు కూడ తీరినది.

ఇది దుకాణపు సంగతి అని తలచి ఇంటికి వచ్చిన నాకు నిద్రపట్టలేదు. ముప్పది యేండ్లుగా తెలుగు చెప్పుచున్నాను. సంధులు తప్పు వ్రాసిన పిల్లలను “శ్రద్ధ లేదు” అని ఎన్నిమారులో నిలబెట్టితిని. ఒకే సంధిని ఏటేట కొత్త పిల్లలు అదేచోట తప్పుచున్నారన్న సంగతి ఆనాడుగాని నాకు తట్టలేదు. చక్రములు మారుచున్నవి, దోషము మాత్రము షాఫ్టువైపే నిలిచియున్నది. మరునాడు ఆ పాఠమును వేరొక విధముగా చెప్పితిని.

మన యిండ్లయందును మఠములయందును ఈ పరీక్ష పనికివచ్చును. పిల్లలు ఇష్టలింగపూజకు కూర్చుండరని, యువకులు మఠమునకు రారని వాపోవుచుందుము. ఒక యింటి పిల్లవాడు రాకున్నచో అది వాని దోషము కావచ్చును. ఇల్లు మారినను, ఊరు మారినను అదే ఫిర్యాదు వినవచ్చుచున్నచో, పట్టుకొన్న చేతిని ఒకమారు తడివి చూచుకొనుట మేలు. కంటికి ఆనని మొటిమ గోటికి తగులవచ్చును.