సరిహద్దుకు స్వభావం ఉందా?

దహలా ఖగ్రాబారీ అన్న పేరు ఇప్పుడు ఏ దేశ పటంలోనూ విడిగా ఉండదు. ఊరనుకుంటారేమో, ఊరు కాదు; ఎకరం ముప్పాతిక జనపనార చేను. 2015 దాకా ఆ చేను భారతదేశానిది. చేను చుట్టూ ఉన్న ఊరు బంగ్లాదేశ్‌ది. ఆ ఊరి చుట్టూ ఉన్న పల్లె మళ్లీ భారతదేశానిది. పల్లె చుట్టూ ఉన్నదంతా బంగ్లాదేశ్. చేను గల రైతు బంగ్లాదేశీయుడు, కాపురం ఆ పక్క ఊళ్లోనే. పొద్దున్నే గట్టు దాటితే విదేశం, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే స్వదేశం. పాస్‌పోర్టు అడిగే నాథుడు లేడు గనుక సరిపోయింది.

కూచ్‌బెహార్ చుట్టుపక్కల ఇలాంటి ముక్కలు 162 ఉండేవి. స్థానికులు వాటిని ఛిట్‌మహల్ అంటారు. బంగ్లాదేశ్ లోపల చిక్కుకున్న భారత ముక్కలు 111, భారత్ లోపల చిక్కుకున్న బంగ్లాదేశ్ ముక్కలు 51. కూచ్‌బెహార్ రాజూ రంగ్‌పూర్ ఫౌజ్‌దారూ చదరంగం ఆడుతూ ఊళ్లు పందెం కాశారని ఓ కథ ఉంది. కథ బాగానే ఉంది కానీ చరిత్రకారులు ఒప్పుకోరు. 18వ శతాబ్దం తొలినాళ్లలో మొగలులకూ కూచ్‌బెహార్‌కూ కుదిరిన సంధిలో ఎవరి చేతిలో ఉన్న భూమి వాళ్లకే మిగిలిందనీ, చిక్కు అక్కడే పడిందనీ వాళ్లంటారు. 1947లో దేశం చీలింది. 1949లో సంస్థానం భారత్‌లో కలిసింది. పాత పట్టాల గొడవ కాస్తా రెండు దేశాల గొడవైపోయింది. బంగ్లాదేశ్ నడుమ ఉన్న భారతీయుడు భారత్‌కు రావాలంటే వీసా కావాలి. వీసా ఇచ్చే కార్యాలయం చేరాలంటే ముందు బంగ్లాదేశ్‌లో దొంగతనంగా అడుగుపెట్టాలి. పిల్లల్ని బడిలో వెయ్యడానికి బయటి ఊళ్లలో ఎవరినో బతిమాలి, తండ్రి పేరు దగ్గర వాళ్ల పేరు రాయించేవారు. కన్నతండ్రి బతికుండగానే కాగితం మీద ఇంకో తండ్రి.

1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రెహ్మాన్ ఒప్పందం చేసుకుంటే, మన రాజ్యాంగానికి నూరో సవరణ జరిగి ఆ ముక్కల మార్పిడి పూర్తయ్యేసరికి 2015 వచ్చింది. జులై 31 అర్ధరాత్రి దాటగానే 162 ముక్కలూ మాయమయ్యాయి. మట్టి కదల్లేదు. చెరువులూ వెదురు పొదలూ ఎక్కడివక్కడే. యాభై వేల పైచిలుకు జనంలో వెయ్యిలోపు మంది మాత్రమే మూటాముల్లె సర్దుకుని భారత్ వైపు వచ్చారు. మిగతావాళ్లు ఉన్నచోటే ఉండి దేశం మారారు. మరి ఆ రాత్రి మారిందేమిటి? కాగితమే కదా అనుకుంటే, పిల్లాడికి సొంత తండ్రి పేరు తిరిగి దక్కడం చిన్న సంగతా? అంతా మారిందనుకుంటే, ఆ మారినదాన్ని వేలుపెట్టి చూపించడం ఎవరి తరమూ కాదు. చేతికి తగలదు, మనుషులు ఉందనుకోవడం వల్లే ఉంది, అయినా మూడు తరాల బతుకుల్ని నలిపేసింది. అలాంటిదాన్ని ఉన్నదనాలా, లేదనాలా?

తత్వశాస్త్రానికి పాతదే అయిన ఈ ప్రశ్న అంతర్జాతీయ సంబంధాల చదువులోకి ఆలస్యంగా వచ్చింది. అక్కడ చాలాకాలం వాస్తవికవాదులదే పైచెయ్యి. కెన్నెత్ వాల్ట్జ్ 1979లో రాసిన పుస్తకం ఆ వాదానికి గట్టి చట్రం బిగించింది. దేశాల పైన పెద్ద దిక్కంటూ ఎవరూ లేరు. ఎవరి ప్రాణం వాళ్లే కాచుకోవాలి. పక్కవాడి బలం చూసి మన బలం పెంచుకోక తప్పదు. కౌటిల్యుడి మండల సిద్ధాంతం తెలిసినవారికి ఇదేమంత కొత్త కాదు. సరిహద్దు పంచుకున్నవాడు శత్రువు, వాడి అవతలివాడు మిత్రుడు అని ఆయన ఎప్పుడో లెక్క కట్టాడు. 1989లో నికొలస్ ఓనఫ్ ‘నిర్మాణవాదం’ అన్న పేరుతో వేరే దారి తెరిచారు. 1992లో అలెగ్జాండర్ వెంట్ ఒక వ్యాసం రాసి వాల్ట్జ్ చట్రానికి ఆయువుపట్టు మీదే కొట్టారు. పెద్ద దిక్కు లేదన్నది నిజమే, కానీ ఆ లేమి తనంతట తాను ఎవరినీ శత్రువుల్ని చెయ్యదు. దేశాలు ఒకదానితో ఒకటి మసలుకునే తీరే దాన్ని యుద్ధంగానో పోటీగానో స్నేహంగానో మలుస్తుంది అన్నది ఆయన వాదం.

ఆయన చెప్పిన ఉదాహరణ ఒకటి తరగతి గదుల్లో తరచూ వినబడుతుంది. బ్రిటన్ దగ్గర 500 అణ్వస్త్రాలున్నా అమెరికా భయపడదు, ఉత్తర కొరియా దగ్గర అయిదుంటే భయపడుతుంది. పేలితే రెండూ ఒకేలా కాలుస్తాయి. అంటే భయం బాంబుల లెక్కనుబట్టి రాలేదు, బాంబు ఎవరిదన్నదాన్నిబట్టి వచ్చింది.

ఈ వాదానికి ఫ్రాన్స్, జర్మనీల కథను మించిన సాక్ష్యం లేదు. ఫ్రెంచి రాజుల పట్టాభిషేకాలు జరిగిన కెథడ్రల్ రీమ్స్ నగరంలో ఉంది. 1914 సెప్టెంబరు 19న జర్మన్ ఫిరంగి గుండ్లు దానిమీద పడ్డాయి. మరమ్మతుకని కట్టిన కర్రల పరంజా అంటుకుంది. పైకప్పు సీసం కరిగి, వాననీరు పోవడానికి చెక్కిన రాతి జంతువుల నోళ్లలోంచి ధారకట్టింది. గడ్డకట్టిన ఆ సీసాన్ని నోట కరుచుకున్న రాతి ముఖాలను ఇప్పటికీ పదిలపరిచి చూపిస్తారు. ద్వారం దగ్గరి నవ్వే దేవదూత విగ్రహానికి తల తెగి కిందపడింది. జర్మన్ అంటే పుట్టుశత్రువే అనడానికి ఫ్రాన్స్‌లో ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. 1870 నుంచి 1945 దాకా, డెబ్బై అయిదేళ్లలో ఆ రెండు దేశాల మధ్య మూడు యుద్ధాలు.

1962 జులై 8, ఆదివారం. అదే కెథడ్రల్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ ప్రార్థనకు కలిసి హాజరయ్యారు. డిగాల్ మొదటి ప్రపంచ యుద్ధంలో వెర్డన్ దగ్గర గాయపడి జర్మన్లకు బందీగా చిక్కినవాడు. అడెనావర్‌కు అప్పటికి 86 ఏళ్లు. ఇద్దరూ నిష్ఠగల కాథలిక్కులు; ఆ పూజ వాళ్లకు మొక్కుబడి వ్యవహారం కాదు. ఆ సందర్భంలోనే దగ్గర్లోని మూర్మెలాన్ శిబిరంలో రెండు దేశాల సైనికులూ కలిసి కవాతు చేశారు. రెండు ప్రభుత్వాలకూ స్నేహం కుదిర్చిన ఎలీజే ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఆరు నెలల తర్వాత, 1963 జనవరి 22న. ముందు ప్రార్థన, తర్వాత కాగితం అన్నమాట. ఆపై ఏటేటా పిల్లల రాకపోకలు, ఊరికీ ఊరికీ చుట్టరికాలు, 2006లో రెండు దేశాల హైస్కూలు పిల్లలకూ ఒకే చరిత్ర పాఠ్యపుస్తకం.

వాస్తవికవాది ఇక్కడ ఊరుకోడు. సోవియట్ భయమూ అమెరికా సైన్యమూ లేకపోతే ఈ దోస్తీ ఎక్కడిది అంటాడు. అందులో నిజం లేకపోలేదు. ఉమ్మడి శత్రువుకు భయపడే చాలా చేతులు కలిశాయి. కానీ 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది, అంతకుముందే జర్మనీ ఏకమై ఇంకా పెద్దదైంది. కోల్డ్ వార్ ముగిస్తే యూరప్ మళ్లీ పాత పగల్లోకి జారుతుందని జాన్ మియర్‌షైమర్ 1990లో హెచ్చరించారు. ఉక్రెయిన్ యుద్ధం చూపించి ఆయన మాటే నెగ్గిందనేవారున్నారు. రైన్ నది ఒడ్డున మాత్రం నెగ్గలేదు. ఆ నది పక్కనే, మెయిన్జ్ నగరంలో, 1958లో పుట్టినవాడు వెంట్. దీనికీ ఆయన సిద్ధాంతానికీ ముడిపెట్టడం అన్యాయమే గానీ, పెట్టబుద్ధేస్తుంది.

నిర్మాణవాదం గురించి చెప్పగానే మన దగ్గర తొందరపడి తలూపేవారుంటారు. అంతా మాయేనని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, గీతలు మనిషి గీసుకున్నవే, చెరిపేస్తే పోతాయి అంటారు. ఇది వెంట్‌కూ అన్యాయమే, శంకరుడికీ అన్యాయమే. వ్యవహారంలో ఉన్నంతసేపు వ్యవహార సత్యాన్ని శంకరుడు కొట్టిపారెయ్యలేదు. అయితే ఈ చర్చకు ఇంకా దగ్గరివాడు నాగార్జునుడు. రెండో శతాబ్దం నాటివాడని పండితుల అంచనా; శ్రీపర్వతంతో, అంటే కృష్ణా లోయతో, ఆయనకు బౌద్ధ సంప్రదాయం ముడిపెడుతుంది. ‘మూలమధ్యమక కారిక’ 24వ ప్రకరణంలో ప్రత్యర్థి నిలదీస్తాడు: అన్నీ శూన్యమైతే నీ బుద్ధుడూ, ధర్మమూ, సంఘమూ, చివరకు లోకవ్యవహారమూ అన్నీ కొట్టుకుపోతాయి కదా అని. నాగార్జునుడి జవాబు దానికి తలకిందులు. దేనికైనా మార్పులేని స్వభావం ఉంటేనే లోకం స్తంభించిపోతుంది; ఏదీ పుట్టదు, ఏదీ పోదు, దుఃఖం కూడా తీరదు. స్వభావం లేకుండా ఒకదాన్ని ఆసరా చేసుకుని ఒకటి ఉండబట్టే అన్నీ పనిచేస్తున్నాయి. ‘విగ్రహవ్యావర్తని’లో ఇదే సంగతిని ఇంటి సామాన్లతో తేల్చేస్తాడు. బండీ కుండా గుడ్డా స్వభావశూన్యాలే; అయినా బండి కట్టెలు మోస్తుంది, కుండలో నీళ్లుంటాయి, గుడ్డ చలి ఆపుతుంది.

ఇలా చూస్తే, సరిహద్దు రాయిలాంటిదనేవాడూ అది ఉత్త భ్రమ అనేవాడూ ఒకే పొరపాటు చేస్తున్నారు. నిజమంటే స్వతహాగా ఉన్నదే అని ఇద్దరూ ముందే ఒప్పేసుకున్నారు. ఒకడు సరిహద్దులో ఆ స్వభావాన్ని చూస్తున్నాడు, ఇంకొకడు అది కనబడక లేదంటున్నాడు. ఫ్రెంచి, జర్మన్ పగకు స్వభావం ఉండి ఉంటే 1962 అసాధ్యం. అది ఉత్త భ్రమే అయితే 1914 నాటి సీసం కరగాల్సిన పనిలేదు.

నాగార్జునుడి పేరు పెట్టుకున్న డ్యామ్ మీదే తెలుగువాళ్లు ఈ పాఠం చదివారు. సాగర్ డ్యామ్‌కు 26 గేట్లు. 2014 జూన్ 2 దాకా అవి ఒకే రాష్ట్రానివి. 2023 నవంబరు 29 అర్ధరాత్రి, తెల్లారితే తెలంగాణలో పోలింగ్ అనగా, ఆంధ్రప్రదేశ్ పోలీసులు 13వ గేటు దాకా తమదంటూ డ్యామ్ నడిమధ్య ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఇటు పోలీసులూ అటు పోలీసులూ మాట్లాడుకున్నది తెలుగే. కేంద్ర హోంశాఖ కలగజేసుకుని సీఆర్‌పీఎఫ్‌ను దింపాల్సి వచ్చింది. కౌటిల్యుడైతే పొరుగువాడు శత్రువు అన్న సూత్రానికి ఇదే రుజువనేవాడు. పదేళ్ల కింద ఆ పొరుగే లేదుగా అని నాగార్జునుడు గుర్తుచేసేవాడు.

నిర్మాణవాదులు కాస్త తడబడేది మరోచోట. మనుషులే కట్టుకున్నారు కనుక మార్చుకోవచ్చు అనడంలో ఒక ఆశ ఉంది. ఆ ఆశకు మురిసిపోయి, కలం ఎవరి చేతిలో ఉందన్నది మరిచిపోతుంటారు. బర్మా (ఇప్పటి మయన్మార్) సైనిక ప్రభుత్వం 1982లో పౌరసత్వ చట్టం తెచ్చింది. 1823కు ముందు నుంచీ దేశంలో స్థిరపడ్డ జాతులకే నిండు పౌరసత్వం అంది. ఆ జాతుల్లో రోహింగ్యాలను లెక్కలోకి తీసుకోలేదు. మార్చడానికి వీలున్నది మంచికే మారుతుందని నియమమేమీ లేదు. స్నేహితుణ్ని తయారుచేసే పద్ధతిలోనే పరాయివాణ్నీ తయారుచెయ్యవచ్చు. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు సైన్యం దాడులకు తట్టుకోలేక బంగ్లాదేశ్‌కు పారిపోయారు. శూన్యత తెలిసినంత మాత్రాన పాలకుడి బాధ్యత తీరిపోదని నాగార్జునుడికి తెలుసు. సాతవాహన రాజుకు చెప్పాడంటున్న ‘రత్నావళి’లో ఆయన తత్వంతో ఆగలేదు: ఖైదీలకు మంగలీ స్నానమూ తిండీ మందులూ బట్టలూ ఏర్పాటు చెయ్యమని, హంతకుణ్నైనా చంపకుండా దేశం నుంచి పంపెయ్యమని చెప్పాడు. ధర్మంగా ఏలడం కుదరకపోతే రాజ్యం వదిలి సన్యసించమనీ చెప్పాడు.

రోహింగ్యాల తరఫున 2019 నవంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది పక్కనున్న ఏ దేశమూ కాదు, పశ్చిమాఫ్రికాలోని గాంబియా. ఆనాటి ఆ దేశ న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబదూ అంతకుముందు రువాండా నరమేధం కేసుల్లో పనిచేసినవారు. కాక్స్‌బజార్ శిబిరానికి వెళ్లి అక్కడివారి మాటలు స్వయంగా విన్నారు. ఈ గొడవతో గాంబియాకు ఏం సంబంధమని మయన్మార్ అడ్డుచెప్పింది. 2022 జులై 22న న్యాయస్థానం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. జాతి నిర్మూలనను నేరంగా ప్రకటించిన 1948 నాటి ఒప్పందంలో చేరిన ప్రతి దేశానికీ ఇందులో సంబంధం ఉంటుందని తేల్చింది. ఆ ఒప్పందానికి మయన్మార్ 1956లోనే ఆమోదముద్ర వేసింది.