మనలో మనకి సరిపోయిన తప్పు

192.168.1.10 అని రావాల్సిన చిరునామా మా పరికరంలో 10.1.168.192గా కనిపించింది. వెనక నుంచి చదివితే అదే. చిక్కేమిటంటే 10తో మొదలయ్యేవి కూడా సొంత నెట్‌వర్కుల్లో వాడుకోదగ్గ చిరునామాలే, అందుకని ఏ తనిఖీ దాన్ని ఆపలేదు. తప్పు కూడా ఒక్కోసారి పెద్దమనిషిలాగే తిరుగుతుంది.

ఆ చిరునామాని పంపింది వేరే కంపెనీ పరికరం. "మావి రెండేళ్లుగా ఒకదానితో ఒకటి బాగానే మాట్లాడుకుంటున్నాయి, లోపం మీ వైపే ఉంటుంది, చూసుకోండి" అని మీటింగులో చెప్పింది నేనే. అవతలి ఇంజనీరు వాదించలేదు. తను పంపిన నాలుగు బైట్లూ, పక్కనే మేమిచ్చిన ప్రోటోకాల్ పత్రంలోని ఒక వాక్యమూ పెట్టి మెయిల్ పంపాడు. చిరునామా నెట్‌వర్క్ వరసలో ఉండాలి, అంటే పెద్ద బైటు ముందు రావాలి అని. ఆ వాక్యం రాసిందీ నేనే.

మా చిప్ చిన్న బైటుని ముందు పెట్టుకునే రకం. పంపేముందు బైట్లు తిప్పాలి, అందుకున్నాక మళ్లీ తిప్పాలి. నేను రెండు చోట్లా మర్చిపోయాను. ఒక్కచోటే మర్చిపోయి ఉంటే మొదటిరోజే దొరికిపోయేవాణ్ణి.

మీటింగులో నేను చెప్పింది అబద్ధమా? నమ్మిందే చెప్పాను. కానీ నా సాక్షులిద్దర్నీ తయారుచేసింది నేనే. నా కోడ్‌ని నా కోడ్‌తోనే పరీక్షించుకుని, రెండేళ్లు గడిచాయన్నదాన్ని రుజువుగా చూపించాను. తెలియక చేసినదానికి మాఫీ ఉందనుకుందాం. తెలుసుకోనక్కర్లేదు అనుకున్నదానికి?

బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ అన్న పేర్లని డానీ కోహెన్ 1980లో ఈ బైట్ల గొడవకి పెట్టాడు. గుడ్డుని ఏ కొసన పగలగొట్టాలని యుద్ధాలు చేసుకునే స్విఫ్ట్ మనుషుల నుంచి తెచ్చుకున్నాడు. ఏ వరస అన్నది కాదు, అందరూ ఒకే వరసకి ఒప్పుకోవడమే ముఖ్యం అన్నది ఆయన వాదన. ఆ లెక్కన మేం తర్వాత చేసింది సబబే అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. ఒప్పుకోవడమంటే నలుగురూ కూర్చుని ఒప్పుకోవడం. మాది ఇంట్లోవాళ్లం మాత్రమే తలూపుకున్న ఒప్పందం.

చేసిందేమిటంటే, పత్రాన్నే మార్చాం. పాత పరికరాలు జనం దగ్గరున్నాయి, కోడ్ సరిచేస్తే కొత్తవీ పాతవీ మాట్లాడుకోవు. సరిగ్గా రాసినాయనే తన కోడ్‌లో బైట్లు తిప్పుకోవాల్సొచ్చింది. ఆయనకి మెయిల్ రాస్తూ "పాత పరికరాల సౌకర్యం కోసం" అన్నదాని కింద "పొరపాటు నాది, మీరు రాసిందే సరైనది" అని చేర్చాను. మేనేజర్ చూసి ఆ వాక్యం ఎందుకు, తీసెయ్యమన్నాడు. తియ్యలేదు.

"ఓకే, థాంక్స్" అని జవాబొచ్చింది.