ఎదుగుదల ఎవరి సొత్తు?

బ్రెమెన్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో ఉత్తర సముద్రపు చిట్టి రొయ్యలు వొలిచేటప్పుడల్లా ఎవరో ఒకరు "మన గోదావరి రొయ్య ఒక్కటి వీటికి పది పెట్టు" అంటారు. ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. అయితే పెద్దదనం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న నాకు మా తమ్ముడి వల్ల కలిగింది.

1990ల చివర వాడు భీమవరం దగ్గర నీలకంఠ రొయ్యలు పెంచాడు. ఒకేనాడు చెరువులో వదిలిన పిల్లల్లో మగవి మూడు తరగతులవుతాయి. నీలం రంగు పొడుగాటి ముందుకాళ్ళున్నవి దొరలు. కుబుసం విడిచి మెత్తబడిన ఆడరొయ్యను కాపలా కాస్తూ మరో మగదాన్ని దరికి రానివ్వవు. నారింజ కాళ్ళవి జత సంగతి అంతగా పట్టించుకోకుండా పెరిగే పనిలో ఉంటాయి. చిన్నవి పోట్లాటకు దిగవు. దొర ఏమరుపాటుగా ఉన్నప్పుడు సందు చూసుకుని జతకడతాయి.

"బలవంతుడిదే రాజ్యం, అది ప్రకృతి ధర్మం" అనేవారు ఇక్కడితో ఆగిపోతారు. మా తమ్ముడు ఆగలేదు. "పెద్దవాటిని ముందు ఏరి పట్టుబడి చెయ్యాలన్నయ్యా. అప్పుడుగాని మిగతావి ఎదగవు" అన్నాడు. తరువాత చదివి తెలుసుకున్నాను, ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1980లలోనే ఈ సంగతి పరిశీలించారట. దొరలను తీసేస్తే చిన్నవాటిలో చాలా భాగం పెరగనారంభిస్తాయి. అంటే ఆ పొట్టితనం కేవలం పుట్టుకతో వచ్చినది కాదు.

వాడు మామూలుగా అన్న మాట నాకు తగిలింది. మా ఇంట్లో ఉన్న డబ్బంతా నా చదువుకే ఖర్చయింది. నాన్నగారు వాణ్ణి "ఎదుగూ బొదుగూ లేనివాడు" అనేవారు. నేను ఇటు వచ్చేశాకే వాడు పదిమందికి సలహా చెప్పే రైతయ్యాడు.

రొయ్యల్ని చూసి నీతులు తీయడం ప్రమాదమే. మన బ్రెమెన్ పళ్ళెంలోని రొయ్యల్లో మగవి ఆడవాటికన్నా చిన్నవి. వాటికి పెద్ద కాళ్ళూ లేవు, కాపలాలూ లేవు. ఒక్కో రొయ్యను చూపి ఒక్కో ధర్మం చెప్పవచ్చు. కాని ఒక్క తేడా మాత్రం ఉంది. తన నీడ ఎవరి ఎదుగుదలను ఆపుతున్నదో నీలకంఠకు తెలియదు. మనిషి కొంచెం ఆగి చూస్తే తెలుసుకోగలడు.

ఇద్దరు పిల్లల్లో ఒకడు చురుకు, ఒకడు మందం అని తేల్చేముందు, ఆ రెండోవాడికి ఇంట్లో ఎంత చోటిచ్చామని మనల్ని మనం అడుగుకోవద్దా?

మొన్న ఫోనులో తమ్ముణ్ణి అడిగాను, "నా వల్ల నీకు అన్యాయం జరిగిందంటావా?" అని. వాడు నవ్వి, "ఇప్పుడవన్నీ ఎందుకన్నయ్యా!" అన్నాడు. జరగలేదని మాత్రం అనలేదు.