ఆ వాక్యానికి కర్త ఎవరు?

మా పిన్ని కొడుకు మెకానికల్ ఇంజనీరు. గుంపుల్ని చెదరగొట్టడానికి పోలీసులు వాడే, ప్రాణం తీయని తూటాల తయారీ మీద పనిచేస్తున్నాడు. ఎక్కడన్నది రాయను. కిందటి వేసవిలో ఒక సెమినారుకి పంపాల్సిన పేపరు నాకిచ్చి, "అక్కా, ఇంగ్లీషు దిద్దిపెట్టు, విషయం జోలికి పోకు" అన్నాడు. సాహిత్యంలో డాక్టరేటు చేసినవాళ్ళకి చుట్టాలు అప్పగించే పనులు ఇలాంటివే. శుభలేఖల్లో అచ్చుతప్పులు, పిల్లల వక్తృత్వపు పోటీ ఉపన్యాసాలు, ఇప్పుడు తూటాలు.

పదకొండో పేజీలో ఆగిపోయాను. తూటా ముక్కుని మెత్తటి ఫోమ్‌తో చేస్తే తగిలినప్పుడు అది నలిగి, దెబ్బ వెడల్పుగా పరుచుకుంటుందనీ, అప్పుడు గాయం 'ఆమోదించదగ్గ పరిధి'లో ఉంటుందనీ ఒక వాక్యం. వ్యాకరణంలో తప్పేం లేదు. అర్థం తేల్చుకుందామని తెలుగులో అనుకుని చూశాను. తూటా పేల్చబడును, లక్ష్యము తాకబడును, గాయము ఆమోదించబడును. మన భాషకి ఈ కర్మణి ప్రయోగం ఒంటికి పట్టదు. ఎవరు పేల్చారు, ఎవరికి తగిలింది, ఎవరు ఆమోదించారు అని అడిగి తీరుతుంది.

ఫోన్ చేసి అదే అడిగాను. సైన్సు పేపర్లు అట్లాగే రాస్తారని నవ్వాడు. తర్వాత నొచ్చుకున్నాడు. "2000లో బషీర్‌బాగ్‌లో, 2007లో ముదిగొండలో కాల్చింది అసలు తూటాలే కదక్కా. అప్పుడు వాళ్ళ చేతుల్లో నేను చేస్తున్నది ఉండుంటే, పోయినవాళ్ళు ఇవాళ ఇంట్లో అన్నం తింటూ ఉండేవాళ్ళు కాదా?"

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళని నేను నమ్మను. కాల్పులే వద్దనడం సభల్లో చప్పట్లు తెస్తుంది. కాల్పులు ఆగని ఊళ్ళో, మన తమ్ముడే ఆ గుంపులో ఉంటే, మెత్తటి తూటానే కోరుకుంటాం. నేనైతే కోరుకుంటాను.

అయినా మనసు ఊరుకోక ఈ తూటాల చరిత్ర తవ్వాను. బ్రిటిష్ సైన్యం 1970లో ఉత్తర ఐర్లండ్‌కి రబ్బరు తూటాలు తెచ్చింది. ఒక్కొక్కటి దాదాపు 15 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు. నేలకి కొడితే ఎగిరి కాళ్ళకి తగలాలన్నది ఆలోచన. అది ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. 1973 నుంచి గురిపెట్టి కాల్చదగ్గ ప్లాస్టిక్ తూటాలు వచ్చాయి. ఈ రెండు రకాల వల్లా అక్కడ 17 మంది పోయారు, వాళ్ళలో 8 మంది పిల్లలు. రబ్బరు తూటాకి ముగ్గురు, దాన్ని మెరుగుపరిచామన్న ప్లాస్టిక్ తూటాకి 14 మంది. రెండోదాన్ని చాలా ఎక్కువ కాలం వాడారు కనుక అంకెల్ని ఉన్నదున్నట్టు పోల్చకూడదు, ఒప్పుకుంటాను. 2001లో ఇంకా సూటిగా వెళ్ళేది వచ్చింది. తలకి తగిలితే ఎలా అన్న భయంతో 2005లో ముక్కు బోలుగా ఉండి నలిగిపోయేది తెచ్చారు. మా తమ్ముడి ఫోమ్ ముక్కు ఈ వంశంలోదే. ఇదివరకు వీటిని 'నాన్ లీథల్' అనేవాళ్ళు, ఇప్పుడు 'లెస్ లీథల్' అంటున్నారు. ఆ 'లెస్'లోకి ఎన్ని ప్రాణాలు వెళ్ళాయో!

1971 నవంబరులో బెల్‌ఫాస్ట్‌లో ఎమ్మా గ్రోవ్స్ తన ఇంట్లోనే కిటికీ దగ్గర నిలబడి ఉంది. పదకొండుమంది పిల్లల తల్లి. వీధిలో సైనికులు. రబ్బరు తూటా ముఖానికి తగిలి రెండు కళ్ళూ పోయాయి. తర్వాత ఆమె ఈ తూటాల మీద నిషేధం కోసం జీవితాంతం పోరాడింది. 2016లో కాశ్మీరులో, షోపియాన్ జిల్లాలో, 14 ఏళ్ళ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూసింది. పెల్లెట్లు తగిలి ఆమెకీ రెండు కళ్ళూ పోయాయి. 2018లో అదే జిల్లాలో ఏడాదిన్నర పాపకి, ఇంట్లో ఉండగానే, పెల్లెట్ కంట్లో దిగింది.

నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం కిటికీల మీదే. వీధిలోకి వెళ్ళొద్దన్న ఆడవాళ్ళకి లోకం కనిపించే చోటుగా మన కథల్లో అది ఎన్నిసార్లు వస్తుందో లెక్క కట్టాను. తమ్ముడి పేపర్లో కిటికీ లేదు. నలభై మీటర్ల దూరంలో నిలబడ్డ ఒక మగవాడి తొడ ఉంది. గురి తప్పినవి ఒక పట్టికలో, సెంటీమీటర్లలో ఉన్నాయి.

2017లో బి.ఎం.జె. ఓపెన్‌లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఇటువంటి తూటాల వల్ల గాయపడ్డట్టు వైద్య పరిశోధనల్లో నమోదైన 1,984 మందిలో 53 మంది చనిపోయారు, 300 మందికి శాశ్వత వైకల్యం వచ్చింది. గొప్పగా ఈ అంకెలు చెప్పాను. అవి తన పేపర్లో మొదటి పేజీలోనే ఉన్నాయన్నాడు. చూడలేదు నేను. "అందుకే కదా ఈ పని చేస్తున్నాను" అన్నాడు.

అప్పుడు ఇంకో లెక్క చెప్పాను. 2016లో కాశ్మీరులో 32 రోజుల్లో దాదాపు 13 లక్షల పెల్లెట్లు కాల్చామని సి.ఆర్.పి.ఎఫ్. హైకోర్టుకి చెప్పింది. ఒక్కో తూటాలో కొన్ని వందల గింజలు ఉంటాయి, నిజమే. కానీ అసలు తూటాలే అయితే అన్నిసార్లు ట్రిగ్గర్ నొక్కడానికి ఏ చెయ్యి లేచేది? 'చావరులే' అన్న నమ్మకం ఆ చేతికి ఎవరిచ్చారు? మీరు భద్రతని ఒక్క తూటాకి కొలుస్తారు, అది ఎన్నిసార్లు పేలుతుందో కొలవరు అన్నాను. అది పోలీసుల సంగతి, తన సంగతి కాదన్నాడు. అయితే వాక్యంలో పోలీసుని కర్తగా పెట్టమన్నాను. "ఎడిటర్ ఒప్పుకోడు" అన్నాడు.

కామాలన్నీ దిద్ది పంపాను. ఆ వాక్యం పక్కన 'ఎవరికి ఆమోదం?' అని మాత్రం రాశాను. కామాలు తీసుకున్నాడు, ప్రశ్న తీసేశాడు.

మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, మామూలు ఇళ్ళల్లో కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది?" ఎందుకని అడగలేదు. పరీక్షలో కొత్త లక్ష్యం పెట్టబోతున్నాడని అర్థమైంది. సంతోషించాలో, భయపడాలో తెలియలేదు. టేపు వెతికి మా వంటింటి కిటికీ కొలిచాను. మూడడుగుల రెండంగుళాలు. చెప్పాను. రాసుకున్నాడు. అక్కడ నిలబడితే ముఖం ఎంత ఎత్తుకి వస్తుందని కూడా అడిగాడు. టేపు కింది కొస కాలితో తొక్కిపట్టి, రెండో కొస నా కళ్ళదాకా లాగాను.