మూడు దినముల వాకిలి

సంఘము నిలకడగా ఉన్న కాలమున సమత్వమును గూర్చి ప్రసంగించుట సులభము. అలజడి పుట్టినప్పుడు నాయకుని నోట సాధారణముగా వచ్చు మాట వేరు: ముందు ప్రాణములు దక్కనిండు, గుడి దక్కనిండు, హెచ్చుతగ్గుల సంగతి తరువాత చూతము. ఈ మాటలో వివేకము లేకపోలేదు. ఇల్లు కాలుచుండగా పంపకముల తగవు ఎవడు తీర్చును? అయితే ఆ ‘తరువాత’ ఎన్నడు వచ్చును? శ్రీమద్రామానుజుల చరిత్రలోని ఒక ఘట్టము ఈ ప్రశ్నకు సూటిగా తగులుచున్నది.

1017లో శ్రీపెరుంబూదూరున అవతరించిరని సంప్రదాయము చెప్పు ఆ యాచార్యులు చోళరాజు ఆగ్రహమునకు గురియై శ్రీరంగమును విడువవలసి వచ్చెను. ఆ రాజు ఎవరను విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. సంప్రదాయము అతనిని క్రిమికంఠుడని పిలిచి ఊరకున్నది. కూరత్తాళ్వారు గురువుగారి కాషాయమును తాము ధరించి రాజసభకు పోయిరి. గురువు తెల్లని వస్త్రము కట్టి పడమటి అడవుల దారి పట్టిరి. ఆకలిగొన్న ఆ బృందమునకు తేనెయు కొర్రలును ఇచ్చి ఆదరించినవారు వేటగాండ్రని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. పీఠము, మఠము, పరివారము అన్నియు ఉన్ననాడు ఆచార్యుని వాకిట నిలువవలసినవారే, అవి లేనినాడు ఆయనకు అన్నదాతలైరి. నాయకునకు ఇంతకు మించిన పాఠము ఏ పాఠశాల చెప్పగలదు?

పిదప పన్నెండేండ్లు కన్నడదేశమున వాసము. మేల్కోటలో తిరునారాయణుని కోవెలను ఉద్ధరించిరి. ఉత్సవమూర్తిని ఢిల్లీనుండి తెచ్చుటలో తోడ్పడిరన్న కారణమున, అంతవరకు గుడి వెలుపలనే నిలిచిన అంత్యజులకు ‘తిరుక్కులత్తారు’ అను గౌరవనామము నొసగి, ఏటికి మూడు దినములు ఆలయప్రవేశము కల్పించిరని ప్రసిద్ధి. తన పీఠమే కదలియున్న వేళ, పరదేశమున, పరాశ్రయమున ఉండి చేసిన పని యిది. ‘తరువాత చూతము’ అనుటకు ఆయనకు ఉన్నన్ని సాకులు ఎవరికుండును?

అయినను మూడు దినముల సమత్వము సమత్వమగునా? మిగిలిన మూడువందల అరువదిరెండు దినములు భగవంతుడు మారునా, భక్తుడు మారునా? ఇట్లడుగువానిని నాస్తికుడని త్రోసివేయరాదు. పైగా ఆ అనుమతి ఒక ఉపకారమునకు ప్రతిఫలముగా వచ్చినది. కృతజ్ఞత గొప్ప గుణమే. కాని సమత్వము కూలిగా లభించునదైనచో, ఉపకారము చేయు అవకాశమే చిక్కనివాని గతి యేమి?

దీనికి బదులు మేల్కోటలో కాక, అంతకు ముందే శ్రీరంగమున దొరకుచున్నది. రామానుజుల గురువులలో ఒకరైన పెరియనంబి తమ సహాధ్యాయి మారనేరి నంబికి అంత్యక్రియలు జరిపిరి. మారనేరి నంబి పంచమకులజుడు. ఇరువురును యామునాచార్యుల శిష్యులే. ఊరు పెరియనంబిని వెలివేసెను. శిష్యుడు కారణమడుగగా, జటాయువునకు దహనము చేసిన రామునికన్న తాము అధికులము కాము, ఆ పక్షికన్న ఈ భక్తుడు తక్కువ కాడు అను భావముతో వారు సమాధానమిచ్చిరట. అట్టి గురువు వద్ద అభ్యసించినవాడే తిరుక్కోష్టియూరు గోపురమెక్కి రహస్యార్థమును అందరికిని చాటెను. అక్కడ ఎవరి ఉపకారమునకును లెక్క లేదు, ఎవరి యోగ్యతకును పరీక్ష లేదు, వినవచ్చినవాడు వినెను.

కావున మేల్కోట మూడు దినములను ఆయన మనసునకు హద్దుగా గాక, ఆనాటి సంఘము ఓర్వగలిగిన మేరగా గ్రహించుట న్యాయము. తప్పు తలుపు మూడు దినములు తెరచినవానిది కాదు. తెరచిన చేయి పోయిన పిమ్మట, ఆ మూడింటిని నాలుగు చేయవలెనని ఎనిమిదివందల యేండ్లు తోచని అనుయాయులది. తిరువాన్కూరు మహారాజు ప్రవేశశాసనము 1936లో వచ్చినది. మద్రాసు రాజధానిలో చట్టము 1947లో వచ్చినది. ఆచార్యుని పేర ఉత్సవములు మాత్రము నడుమ జరుగుచునే వచ్చినవి.

చోళరాజు మరణవార్త విని రామానుజులు శ్రీరంగమునకు మరలి వచ్చిరి. రాజసభలో కన్నులు కోల్పోయిన కూరత్తాళ్వారు ఎదురు వచ్చి పాదములు తడవి చూచెను. ఆయనతోకూడ ఆ సభకు పోయి, అదే శిక్షకు గురియైన వృద్ధుడు పెరియనంబి దారిలోనే తనువు చాలించియుండెను.