గట్టు మీది ఆకాశం

మా కమ్యూనిటీ రేడియో యాంటెన్నా స్తంభం 15 మీటర్లు. నిబంధనల ప్రకారం అంతకు తగ్గకూడదు, 30 మీటర్లు దాటకూడదు. పంపే శక్తి మామూలుగా 100 వాట్లకు మించకూడదు. చదును నేల అయితే పది కిలోమీటర్ల దాకా వినబడుతుంది. మాకు మాత్రం ఊరికీ తండాకీ మధ్య గట్టు అడ్డం. ఎఫ్‌ఎం తరంగం దాన్ని చుట్టుకొని పోలేదు. తండాలో రేడియో పెడితే బుస్సుమనే చప్పుడే. "సారూ, మా దిక్కు ఎందుకు రాదు?" అని అక్కడి ఆడవాళ్ళు అడిగినప్పుడల్లా నా దగ్గర జవాబు ఉండేది కాదు.

గట్టు మీద ఒక టవరుంది. దాని యజమానికే అవతల కంకర క్రషరూ ఉంది. మా యాంటెన్నా దాని మీద పెట్టుకోవడానికి కిరాయి మాట్లాడబోయాను. నెలకు ఆరు వేలన్నాడు. మా విరాళాలకు అది ఎక్కువే. కాసేపాగి, "పైసలొద్దు తియ్యి సారు. క్రషరు దుమ్ము సంగతి మాత్రం మీ రేడియోల ఎత్తొద్దు" అన్నాడు.

గట్టు దిగుతుంటే అన్నంభట్టు గుర్తొచ్చాడు. మన తెలుగువాడే. తర్కసంగ్రహంలో ఆకాశాన్ని ఆయన శబ్దంతోనే గుర్తుపట్టిస్తాడు: శబ్దం గుణంగా గలది, ఒక్కటే అయినది, అంతటా నిండినది. రేడియో తరంగం శబ్దం కాదని, విద్యుదయస్కాంత తరంగమని నాకు తెలుసు. నన్ను పట్టుకున్నది ఆ 'ఒక్కటే' అన్న మాట. ఆకాశానికి వాటాలు లేవు. కుండ పగిలినా కుండలోని ఆకాశం పగలదని వేదాంతులూ చెబుతారు. మరి టవరు యజమాని కిరాయికిచ్చేది ఏమిటి? ఇనుము, సిమెంటు పునాది, పిడుగును భూమిలోకి దించే తీగ, కాపలా. వాటికి డబ్బు అడగడం న్యాయమే. ఆరు వేలు అడిగినప్పుడు ఆయన ఇనుముకు అడిగాడు. దుమ్ము సంగతి ఎత్తొద్దన్నప్పుడు ఆకాశానికే కిరాయి కట్టమన్నాడు. ఆ ఆకాశంలో పోయే రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఆ దారిలోనే 2008లో మాచనూరు దళిత మహిళలు సంఘం రేడియో పెట్టుకోగలిగారు. వాళ్ళను చూసే మాకూ ధైర్యం వచ్చింది.

మా రేడియో కమిటీలో ఒక కుర్రవాడు అన్నాడు: "ఒప్పుకుందాం సార్. యాంటెన్నా ఎక్కినంక మనం చెప్పేది చెప్దాం. రామానుజులు చేసింది గదే గదా."

తీసిపారేసే మాట కాదది. గురువు గోష్ఠీపూర్ణుల దగ్గరికి పద్దెనిమిది సార్లు తిరిగి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి పొందిన మంత్రాన్ని రామానుజులు తిరుక్కోట్టియూరు గుడి గోపురం ఎక్కి అందరికీ వినిపించారని వైష్ణవులు చెప్పుకుంటారు. గురువు నరకం తప్పదంటే, ఇంతమంది తరిస్తే తానొక్కడు పోవడానికి సిద్ధమన్నారట. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నేను ఈ కథలో ఎప్పుడూ గోపురం దగ్గరే ఆగేవాణ్ణి. ఈసారి నరకం దగ్గర ఆగాను. మాట తప్పిన శిక్షను రామానుజులు తన నెత్తినే వేసుకున్నారు. మేం మాట తప్పితే టవరు యజమాని మర్నాడే కేబులు పీకిస్తాడు. నాకు పోయేదేమీ లేదు, తండాకు మళ్ళీ ఆ బుస్సే మిగులుతుంది. మాట నిలుపుకుంటే దుమ్ము పోయేది తండావాళ్ళ ఊపిరితిత్తుల్లోకే. ఎటు తిరిగినా నష్టం వాళ్ళది, పేరు మాది. ఇంకొకరి నరకాన్ని తాకట్టు పెట్టి గోపురం ఎక్కే హక్కు నాకు లేదు.

అందుకే తండాకు పోయి వాళ్ళనే అడిగాం. ఒక పెద్దమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత, "దగ్గేది మేము. చెప్పొద్దనేటందుకు ఆయనెవరు, ఒప్పుకునేటందుకు మీరెవరు?" అంది. పక్కనున్నామె, "పాటలన్నా ఇనొస్తుండె గదా" అంది. ఆ కోరికా న్యాయమైనదే. మాట తెగడానికి రెండు గంటలు పట్టింది.

యజమానికి వద్దని చెప్పి వచ్చాం. ఇప్పుడు ప్రతి గురువారం మా స్టేషను అమ్మాయి ఒకతె స్పీకరు సంచిలో పెట్టుకొని సాయంత్రం బస్సుకు తండా పోయి, వారం కార్యక్రమాలు వినిపించి వస్తుంది. పోయినవారం దుమ్ము మీద అరగంట చేశాం. పాటలు అడిగినామే అందులో మాట్లాడింది, నడుమ నడుమ దగ్గుతూ. ఆ దగ్గును ఎడిటింగులో తీసేయాలా అని అమ్మాయి అడిగింది. ఉంచమన్నాను.