కారణం దొరక్కపోయినా

బతకడానికి కారణం కావాలా? చాలాకాలంగా నన్ను వదలని సందేహం ఇది.

చావాలనుందన్న మనిషికి మనం వెంటనే కారణాలు అందిస్తాం. పిల్లల మొహం చూడు. మీ అమ్మ ఏమైపోతుంది? బతికుంటే బలుసాకు ఏరుకు తినొచ్చు. ఆత్మహత్య మహాపాపం. చచ్చే ధైర్యం ఉన్నవాడికి బతికే ధైర్యం ఉండదా? ఇవేవీ ఆ మనిషికి తెలియనివి కావు. మనకంటే ఎక్కువసార్లే తనకు తాను చెప్పుకుని ఉంటాడు. ఆ స్థితిలో ప్రతి కారణమూ తిరగబడుతుంది. పిల్లల కోసం బతకాలన్న మాటే, నేను లేకపోతే పిల్లలకి బరువు తగ్గుతుందన్న మాటగా మారిపోతుంది. అది పచ్చి అబద్ధం. ఆ వేళ మాత్రం అంతకు మించిన నిజం లేదనిపిస్తుంది. అక్కడిదాకా వెళ్ళొచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మా మార్టూరు చుట్టుపక్కల ఆత్మహత్యలు కొత్త సంగతేం కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసిన ఏడు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. ఎన్నిసార్లు మందు కొట్టినా దోమ చావలేదు, కొట్టినప్పుడల్లా అప్పు పెరిగింది. అప్పే చంపిందన్నారు. నిజమే, ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందీ అక్కడే. కానీ అదే దోమ, అదే అప్పు మీదపడ్డా బతికినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. పోయినవాళ్ళు పిరికివాళ్ళూ కారు, మిగిలినవాళ్ళు వీరులూ కారు. మరి మిగిలినవాళ్ళ దగ్గర ఏం కారణాలున్నాయి? అడిగి చూశాను. "ఏముంది, బతికాం" అన్నారు. ఇదేం జవాబని విసుక్కున్నాను.

2022 మొదట్లో నా వంతు వచ్చింది. ఆ ఏడు నల్ల తామరపురుగు మిరప పూత మీద పడింది. ధర బాగానే ఉంది, అమ్మడానికే కాయ లేదు. కౌలు ముందే కట్టేసి ఉన్నాను. వచ్చిన కాస్త కాయ కల్లంలో ఆరబోసి రాత్రిళ్ళు కాపలా పడుకునేవాణ్ణి. ఓ పక్క హైవే మీద లారీలు, ఇంకో పక్క గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాయి కోసే రొద. ఆ రొద లేకపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. అన్నం రుచి తెలిసేది కాదు. పక్క కల్లం పెద్దాయన నాకు వరసకి మావయ్య. ఓ రాత్రి వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఏం అల్లుడూ, చచ్చిపోదామనుందా?"

అంత సూటిగా అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరికీ భయం. నాకు మాత్రం గొంతు మీంచి ఎవరో కాలు తీసినట్టయింది.

"ఉంది మావయ్యా."

ఆయన హితబోధ చేయలేదు. పాకలో మిగిలిన పురుగుమందు డబ్బాలు పట్టుకెళ్ళి తన దగ్గర తాళంలో పెట్టాడు. తన నులకమంచం ఈడ్చుకొచ్చి నా పక్కన వేశాడు. ఇక మొదలుపెట్టాడు. మార్కెట్ యార్డులో తరుగు ఎంత తీస్తున్నారో, తాలుకాయ ఏరడానికి కూలి ఎంత అడుగుతున్నారో, కొడుకు కొత్త బండిని ఎలా తగలేశాడో. నాకు ఒళ్ళు మండింది. నేను ప్రాణం సంగతి చెబితే ఈయన తరుగు సంగతి చెబుతాడేమిటి! ఆ మంటలోనే ఎప్పుడో కన్నంటుకుంది. తెల్లారేసరికి ఆయన మా ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పేశాడు. "ఇది దాచే సంగతి కాదమ్మా" అన్నాడట. నన్ను అడక్కుండా చెప్పాడని చాన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం ఆ వారంలోనే గుంటూరులో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. బిళ్ళలు వాడాను. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి.

మరి ఆ రాత్రి నాకు దొరికిన కారణమేమిటి? ఎంత వెతికినా కనపడదు. డబ్బాలు దూరమయ్యాయి, ఓ మనిషి దగ్గరయ్యాడు, అంతే. తలుచుకుంటే కాస్త అవమానంగానూ ఉంటుంది. బతుకు బతకదగ్గదేనా అన్నదాన్ని తత్వశాస్త్రానికే మూలప్రశ్నగా నిలబెట్టి 1942లో ఫ్రెంచి రచయిత కామూ ఓ పుస్తకం రాశాడు. అంత ప్రశ్నకి తాళంకప్పా, నులకమంచమా జవాబు? కానీ శ్రీలంకలో ఏమైందో చూడండి. 1990ల నడుమ నుంచి అతి ప్రమాదకరమైన పురుగుమందుల్ని అక్కడ ఒక్కొక్కటే నిషేధిస్తూ వచ్చారు. అప్పులు పోలేదు. అంతర్యుద్ధం 2009 దాకా ముగియలేదు. బతకడానికి కొత్త కారణాలు ఎవరూ పంచలేదు. అయినా పదేళ్ళు తిరిగేసరికి ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి దిగింది. చావాలన్న కోరిక తిరుగులేని నిర్ణయంలా కనిపిస్తుందే గాని, దాని ఉధృతి తగ్గేదాకా ఏదో ఒకటి అడ్డం నిలిస్తే చాలామంది బయటపడతారు.

అయితే కారణాలే అక్కర్లేదా? అనేద్దామంటే మనసొప్పదు. తాళం ఒక రాత్రిని దాటిస్తుంది, అన్ని రాత్రుల్నీ దాటించలేదు. ఆ ఆలోచన నాకు తర్వాతా వచ్చింది, ఇప్పుడూ ఎప్పుడైనా వస్తుంది. రాగానే ఇంట్లో చెప్పేస్తాను. పక్క కల్లంలో మనిషి లేనివాళ్ళకి 14416 ఫోను నంబరు ఉంది. టెలి మానస్ పేరుతో 2022 అక్టోబరులో మొదలైంది. ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. వాళ్ళు కూడా కారణాలు వల్లించకుండా వింటే చాలని నా కోరిక.

కారణం చూపిస్తేనే బతకాలన్నది ఆ జబ్బు పెట్టే షరతు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో నేను ఏ కారణం చూసుకుని పొద్దున్నే పొలం వెళ్ళాను? ఇంత ఆలోచించినా సందేహం మాత్రం తేలలేదు. మళ్ళీ మాటలు కలిశాక మావయ్యనే అడిగాను, ఆ రాత్రి బతకమని ఒక్క మాటైనా ఎందుకనలేదని.

"ఎందుకు బతకాలో నాకే తెలవదు, నీకేం చెప్పేది?" అన్నాడు.

నాకు ధైర్యమిచ్చిన మాట ఏదైనా ఉంటే అదే. అందరికీ కారణం తెలుసు, తెలియనిది నాకొక్కడికే అనుకున్నన్నాళ్ళూ నేను వెలిపడ్డవాణ్ణి. తెలియకుండానే డెబ్బై ఏళ్ళు దాటినవాడు ఎదురుగా కూర్చుని ఉంటే, నా ప్రశ్న ఇంకొన్నాళ్ళు ఆగితే కొంపేం మునగదనిపించింది.